బరాబర్ తివాచీ

1961 డిసెంబరు 4, సోమవారం. తాండూరు ఉన్ని నేత శిక్షణ కేంద్రం. హాజరైనవారు: హైదరాబాదు నుంచి మా శాఖ పెద్ద అధికారి, వికారాబాదు నుంచి మిలిటరీ డాక్టరుగారు, ఆయన భార్య, మా ఉస్తాద్, నేత నేర్చుకుంటున్న ఆడవాళ్ళు, మగవాళ్ళు అందరూ, వాళ్ళ ముందు వరసలో బషీరాబాద్ అవ్వ, నేను. రెండు తివాచీలు, చుట్టి ఉన్నవి.

నా డైరీలో ఈ మాటలు నిటారైన అక్షరాల్లో ఉన్నాయి. ఎవరూ రాకముందే, ఉదయం రాసి పెట్టుకున్నాను. ముఖ్యమైన రోజున హాజరు ముందే రాసుకోవడం నా అలవాటు. దాని కింద ఉన్నది సాయంత్రం రాసింది. ఆ అక్షరాలు వరసంతా కుడివైపుకు ఒరిగిపోయాయి. ఎందుకు ఒరిగాయో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీలాంటివాళ్ళకు చెబుదామని ఇది రాస్తున్నాను. ఇందులో పాఠం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మా కేంద్రం రైల్వే స్టేషనుకు దగ్గరలో, ఒకప్పుడు కందులు నిలవ చేసిన గోదాములో ఉండేది. ఎంత ఊడ్చినా గోడల సందుల్లోంచి కందిపొట్టు రాలుతూనే ఉండేది. గొంగళ్ళు నేసే కురుమ కుటుంబాలవాళ్ళకు ముడుల తివాచీ నేర్పితే పట్నంలో గిరాకీ ఉంటుందని ఎవరికో తోచి దీన్ని పెట్టారు. నేను సూపర్వైజరును. గొంగడిలో పోగు అడ్డంగా వెళ్ళి వస్తుంది. తివాచీలో అట్లా కాదు. నిలువు పోగులకు ఒక్కొక్క ఉన్ని ముక్కను వేలితో ముడివేసి, కోసి, వరస పూర్తయ్యాక పంజా అనే ఇనుప దువ్వెనతో దబదబా కొట్టి బిగించాలి. పని గురించి మీకు ఇంతకు మించి అవసరం లేదు. ఆ పంజాల చప్పుడు మాత్రం గుర్తుంచుకోండి. గోదాములో అందరూ ఒకేసారి కొడుతుంటే మనిషి చెప్పింది సగమే వినిపించేది, మిగతా సగం మనం కల్పించుకునేవాళ్ళం.

ఉస్తాద్ వరంగల్ మనిషి. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. గీత నిటారుగా లేకపోతే ఆయనకు అన్నం సహించేది కాదు. చెప్పులు విడిస్తే బండ అంచుకు సమానంగా విడిచేవాడు. నా గదిలోకి వస్తే ముందు గోడ మీది కేలండరు సర్ది, ఆ తర్వాతే సలాం చేసేవాడు. గోదాములోనే ఒక మూల ఉండేవాడు, ఆయనకు ఒక ఇనుప పెట్టె ఉండేది. మా దగ్గర చేరి రెండో ఏడు నడుస్తున్నా దానికి కట్టిన తాడు పూర్తిగా విప్పలేదు. పొద్దున ఒక జత బట్టలు తీసుకుని మళ్ళీ బిగించేవాడు.

ఒకసారి కారణం అడిగాను.

"ఏం చెప్పాలె సాబ్," అన్నాడు. "నేను అడుగు వెట్టిన సెంటర్‌కల్లా తాళం వడుతది. ఇప్పటికి మూడు వడ్డయి. నా బీవీ ఏమంటదంటే, 'నువ్వు పెట్టె విప్పినవని ఖబర్ పంపు, అప్పుడు పిల్లలను తీస్కోని వస్త. అందాక నేను వరంగల్ కదల' అంటది."

శిక్షణకు వచ్చేవాళ్ళు ఆయన చాటున 'తాళం ఉస్తాద్' అనుకునేవాళ్ళు. బషీరాబాద్ అవ్వ అయితే ఎదురుగానే అనేది. ఆమె బషీరాబాద్ దగ్గరి పల్లె నుంచి వచ్చేది. మాటలో సగం తెలుగు, సగం కన్నడం. గొర్రెలను కోడలికి అప్పజెప్పి మగ్గం ముందు కూర్చున్నా, వీధిలో ఎక్కడ గొర్రె అరిచినా తల తిప్పి చూసేది.

నాలుగో తాళం కూడా దగ్గరపడింది. ఆ ఏడు మొదట్లో పెద్ద అధికారి వచ్చి, అంతా చూసి, నన్నొక ప్రశ్న అడిగాడు: "ఇక్కడ నేసిన తివాచీని ఎవరైనా తమ ఇంట్లోకి కోరి తీసుకున్నారా?" మేం నేసినవన్నీ మా శాఖ ఆఫీసుల్లోనే పరిచి ఉన్నాయి. ఆయన గదిలో ఒకటి, ఆయన పై అధికారి గదిలో ఇంకొకటి. ఆ మాట చెప్పాను. ఆయనకు నచ్చలేదు. "డిసెంబరు దాకా చూస్తాను. బయటివాళ్ళు ఎవరైనా ఒకటి చేయించుకుని, బాగుంది ఇంకొకటి కావాలి అని అడిగితే కేంద్రం ఉంటుంది. లేకపోతే మగ్గాలు వేరే ఊరికి వెళతాయి," అన్నాడు. మగ్గాల సంగతే చెప్పాడు. ఉస్తాద్ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ అడగలేదు.

మార్చిలో ఒక పగలు వికారాబాదు నుంచి పాసింజరు బండిలో డాక్టరుగారు దిగారు. వెనక కూలీ నెత్తి మీద ఒక పెద్ద చుట్ట. ఆయన రెండో యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారుల్లో పనిచేసి వచ్చిన మనిషి. అక్కడి కొండల్లో గొర్రెలు కాచుకునే ఒక జాతివాళ్ళ దగ్గర ఆ తివాచీ కొన్నారు. ఆ జాతి పేరు బర్బర్. ఈ సంగతి ఆ రోజు గోదాములో ఆయన ఒక్కరికే తెలుసు.

ఆయన ఇబ్బంది చిన్నదే గాని న్యాయమైనది. వాళ్ళ ఇల్లు వికారాబాదులో అనంతగిరి దారి మీద. నేలంతా మా తాండూరు బండలే. చలికాలంలో తెల్లవారి లేచి ఆ బండ మీద కాలు మోపినవాళ్ళకు నేను వివరించనక్కరలేదు.

"ఈ రగ్గు తెచ్చినప్పటి సంది మా ఆమె దిక్కే ఉన్నది," అన్నారు డాక్టరుగారు. "ఆమె మంచం దిగితే మెత్తగ. నేను దిగితే బండ. యుద్ధానికి వోయొచ్చింది నేను, తివాచీ ఆమెకు."

"రగ్గు అంటుండ్రు, కప్పుకునేదా సారూ, తొక్కేదా?" అంది అవ్వ మగ్గం మీంచి.

"తొక్కేది."

"గంత మందముంటే కప్పుకోవచ్చు," అని ఆమె పంజా అందుకుంది. మిగతావాళ్ళూ అందుకున్నారు. తర్వాత జరిగిన సంభాషణ అంతా ఆ చప్పుడులోనే.

"ఇది బర్బర్," అని అరిచారు డాక్టరుగారు. "దీనికి జోడీ కావాలె. అచ్చం బర్బర్ ఉండాలె."

"జీ సాబ్. బరాబర్ ఉంటది," అన్నాడు ఉస్తాద్.

"మామూలు తివాచీల లెక్క వద్దు. బర్బర్ కావాలె నాకు."

"బరాబరే చేస్త సాబ్. నా చేతిల బరాబర్ గానిది ఎన్నడు రాలే."

డాక్టరుగారు ఆశ్చర్యంగా చూశారు. "మీకు బర్బర్ పని వస్తదా?"

"చిన్నప్పటి సంది మా నాయిన నేర్పింది గదే సాబ్. బరాబర్ లేకుంటె చేతుల మీద కొట్టేటోడు."

డాక్టరుగారు ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊపారు. తర్వాత నాకేసి తిరిగి, "తాండూరుల బర్బర్ తెలిసిన మనిషి దొరుకుతడని కలల గూడ అనుకోలే సూపర్వైజర్ సాబ్," అన్నారు. మా ఉస్తాద్‌ను ఒక పెద్దమనిషి అంతగా మెచ్చుకోవడం నేను అదివరకు చూడలేదు. ఎండాకాలంలో తివాచీతో పని లేదు గనక నమూనాగా దాన్ని మా దగ్గరే వదిలి, చలి ముదరకముందే జోడీతో ఇవ్వమని చెప్పి ఆయన సాయంత్రం బండికి వెళ్ళిపోయారు. ఆ రోజు డైరీలో నేనూ రాసుకున్నాను: 'డాక్టరుగారికి బరాబర్ తివాచీ. చాలా పట్టుదల మనిషి.'

ఆయన వెళ్ళాక తివాచీని నేల మీద విప్పాం. తెల్లటి నేల మీద నల్లటి డైమండు గళ్ళు. మొదటి గడి పెద్దది, రెండోది చిన్నది, మూడోది పక్కకు వాలింది. ఒక వైపు కంటె ఇంకో వైపు వెడల్పు. ఒక మూల ఎందుకో దువ్వెనలాంటి గుర్తు, మిగతా మూడు మూలల్లో ఏమీ లేదు. పైన ఉన్ని ఒకచోట పొడుగ్గా, ఒకచోట పొట్టిగా, చింపిరి జుట్టులా ఉంది. ఉస్తాద్ దాని చుట్టూ కొలత దారం పట్టుకుని తిరిగాడు.

అవ్వ వంగి చూసింది. "ఉస్తాదూ, నేసినామెకు గొర్లు గూడ ఉన్నయి. చూడు, గీడ చూపు గొర్ల మీదికి వోయింది. గీడ మళ్ల మగ్గం మీదికొచ్చింది. గీడ మళ్ల వోయింది."

"గీడ పిలగాడు ఏడ్చిండు," అంది ఇంకొక ఆడమనిషి వాలిన గడి చూపించి.

"గీ దువ్వెన ఏందవ్వా?"

"మొగడు వచ్చి మగ్గం ముంగట నిలవడ్డడు. వెలుతురు ఆగింది."

అందరూ నవ్వారు. ఉస్తాద్ నవ్వలేదు. ఆయన మొహం నిండా జాలి ఉంది. "పాపం డాక్టర్ సాబ్," అన్నాడు. "గిట్లాంటిది ఇంట్ల వెట్టుకోని గిన్నేండ్లు ఎట్ల ఓర్చుకున్నడో. అందుకే బరాబర్, బరాబర్ అని అన్నిసార్లు అన్నడు."

వానాకాలమంతా ఆ ఒక్క మగ్గం మీదే ఆయన ప్రాణం పెట్టాడు. నల్ల ఉన్ని మా గొర్రెలదే. తెల్లది మా వైపు కరువు, బయటి నుంచి తెప్పించాం. ఉస్తాద్ గళ్ళ కాగితం మీద డైమండ్లు గీసి, నేసేవాళ్ళ వెనక నిలబడి, "రెండు నల్ల, ఒకటి తెల్ల" అని రాగం తీస్తూ ముడులు చెప్పేవాడు. తప్పు పడితే వరస మొత్తం విప్పించేవాడు. అవ్వ వరసలు ఎక్కువ విప్పవలసి వచ్చేది. "గొర్రె అరిచింది ఉస్తాదూ, నేనేం జేయాలె?" అనేది. తివాచీ తయారయ్యేసరికి ఎంత నిటారుగా వచ్చిందంటే, దాని పక్కన కొలబద్ద పెడితే కొలబద్ద మీదే అనుమానం కలిగేది.

నవంబరులో నన్ను కొన్ని వారాలు వికారాబాదు ఆఫీసు పనికి పంపారు. తిరిగి వచ్చేసరికి గోదాములో రెండు తివాచీలు పక్కపక్కన పరిచి ఉన్నాయి. రెండూ ఒక్క తీరుగా ఉన్నాయి.

"పాతది ఏది?" అన్నాను.

ఉస్తాద్ మొహం వెలిగిపోయింది. "మీకే తెలుస్తలేదు చూసిండ్రా సాబ్? జోడీ అన్నంక రెండూ బరాబర్ ఉండాలె గదా. ఒక్కటి సక్కగ, ఒక్కటి వంకర ఉంటె డాక్టర్ సాబ్ మనసు ఎంత నొస్తది? అందుకని పాతదాన్ని గూడ జర సరిజేసిన. కూలీ ఏం వద్దు. ఇది నా దిక్కు నుంచి."

వాలిన గడి ముడులన్నీ విప్పి నిటారుగా మళ్ళీ వేశాడు. వెడల్పు అంచు కోసి కుట్టాడు. దువ్వెన గుర్తు తీసేశాడు. చింపిరి ఉన్నిని కత్తెరతో సమానంగా దించాడు. నేను మెచ్చుకున్నాను. ఆ రోజు డైరీలో ఉంది: 'ఉస్తాద్ ఉదారుడు. పాతదాన్ని కూడా బాగుచేశాడు. డాక్టరుగారు సంతోషిస్తారు.'

ఇక డిసెంబరు 4. అతిథుల కోసం బెంచీలు వేశాం. గౌరవ సూచకంగా ఆ రోజు పంజాలు ఆపేశాం. గోదాములో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను. పెద్ద అధికారి కోస్తా మనిషి, మంచి వక్త. ఈ సందర్భం కోసం హైదరాబాదులో ఏవో పుస్తకాలు తిరగేసి వచ్చాడు. మా ఖర్మ అదే.

"ఉత్తర ఆఫ్రికా కొండల్లో బర్బర్లు అనే గొర్రెల కాపరులున్నారు," అని మొదలుపెట్టాడు. "డాక్టరుగారు మనకు అప్పగించినది ఆ బర్బర్ల తివాచీ."

ఉస్తాద్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. నెమ్మదిగా నా చెవి దగ్గరకు వంగాడు.

"సాబ్, బర్బర్ అంటే మనుషులా?"

"అట్లాగే చెబుతున్నాడు."

"బరాబర్ కాదా?"

"కాదట."

వక్త సాగిపోతున్నాడు. "వీటికి కొలత ఉండదండీ. గీత గీతలా పోదు. ఒక గడి ఇంకొక గడిలా ఉండదు. నేసే మనిషి మనసు ఎటు పోతే అటు పోతుంది. ఆ వంకరే దీని ప్రాణం. ఒక్క వంకర సరిచేసినా అది చచ్చిన తివాచీ కిందే లెక్క."

డాక్టరుగారు కళ్ళు మూసుకుని తల ఊపుతున్నారు. ఉస్తాద్ గోడవారన ఉన్న తన ఇనుప పెట్టె వైపు చూశాడు. తాడు బిగించే ఉంది.

నేను చేయగలిగింది ఒక్కటే. చాయ్ తెప్పించాను. తర్వాత బిస్కట్లు తెప్పించాను. మళ్ళీ చాయ్ అన్నాను. పెద్ద అధికారి ఇక చాలన్నాడు. చుట్ట విప్పక తప్పలేదు.

కొత్తది ముందు విప్పాం. డాక్టరుగారు చాలాసేపు చూశారు. మర్యాద తెలిసిన మనిషి. "శాన నీటుగున్నది," అన్నారు. ఆ మాట ఒక ఆపరేషన్ గది గురించి అన్నట్టు ఉంది. "నాది గూడ విప్పుండ్రి. పక్కకు పక్క వెట్టి చూద్దాం."

రెండోది విప్పాం. ఆయన దాన్ని చూశారు. తర్వాత గోదాము మూలల్లోకి చూశారు, మూడో చుట్ట ఎక్కడన్నా ఉందేమోనని.

"నాదేది?"

"గదే సాబ్," అన్నాడు ఉస్తాద్.

డాక్టరుగారు గొంతుక్కూర్చుని ఒక మూల తిరగేశారు. అడుగువైపు చిన్న కాలిన మచ్చ ఉంది. "గీ మచ్చ నాదే. డేరాల స్టవ్వు అంటుకున్నప్పటిది," అన్నారు. "మిగిలిందంత ఎవరిదో నాకు తెల్వది. గీడ దువ్వెన ఉండె గదా?"

"జోడీల ఒక్కదానికే ఉంటె మంచిగుండదని తీసేసినం సాబ్."

"మరి దీని ఉన్ని?"

"కత్తిరించినం సాబ్. సమానంగ."

డాక్టరుగారు లేచి నిలబడ్డారు. "బర్బర్‌ను తీస్కపోయి బార్బర్ ముంగట కూసోవెట్టిండ్రు," అన్నారు.

పెద్ద అధికారికి నవ్వు వచ్చి, వెంటనే ఉద్యోగం గుర్తుకు వచ్చింది. నాకేసి తిరిగాడు. "ఎవరండీ దీన్ని సరిచేయమన్నది?"

నేను నోరు తెరిచేలోపల ఉస్తాద్ ముందుకు వచ్చాడు. "నేనే సాబ్. సారుది ఏం లేదు. డాక్టర్ సాబ్ బర్బర్ అన్నడు, నాకు బరాబర్ ఇనవడ్డది. గిది నాలుగో సెంటర్. తాళమేసేదుంటె నాకు వేయుండ్రి, నేను వోత. మగ్గాలకు వేయకుండ్రి. వీండ్లు మంచిగ నేర్చుకున్నరు."

ఈ గొడవలో డాక్టరుగారి భార్యను అందరం మరిచిపోయాం. ఆమె చెప్పులు విడిచి, ఒక తివాచీ మీంచి ఇంకొక తివాచీ మీదికి నడుస్తోంది. మూలదాకా వెళ్ళి, కాలితో అంచు తడిమి చూసి, వెనక్కి వచ్చింది.

"ఎంత హాయిగున్నదో," అంది. "ఆ వెడల్పు మూల తట్టుకోని నేను ఎన్నిసార్లు వడ్డనో మీకెవరికన్న ఎరుకనా?"

"నువ్వెన్నడు చెప్పలే," అన్నారు డాక్టరుగారు.

"చెప్పిన. పొద్దుగాల లేస్తనే ఆ వాలిన గడి చూస్తుంటె తల తిరుగుతుందని గూడ చెప్పిన. మీరు నాకు మందు రాసిచ్చిండ్రు."

వెనక వరసల్లో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. డాక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "అది కాదు. అది నేను ఎడారిల..."

"మీ ఎడారి మీకు యాదుంటది. మూలకు తట్టుకునేది నేను. ఇవి రెండూ నాకు కావాలె. ఒకటి మంచం కాడ, ఒకటి అద్దం ముంగట."

"రెండా? మరి నాకు?"

"మీకు వంకరదే ఇష్టమాయె. చేయించుకోండ్రి."

డాక్టరుగారు కాసేపు బండ నేలను చూశారు. ఆ చూపులో రాబోయే చలికాలం మొత్తం ఉంది. తర్వాత ఉస్తాద్ వైపు తిరిగారు. "వంకరది నేస్తరా?"

ఇక్కడ ఎవరైనా సరే 'నేస్తాం' అంటారు. ఉస్తాద్ అనలేదు. చేతులు చూసుకున్నాడు. "రాదు సాబ్," అన్నాడు. "అబద్ధం ఎందుకు చెప్పాలె. నా చెయ్యి వోదు."

"నాకొస్తది," అంది బషీరాబాద్ అవ్వ, కూర్చున్నచోటి నుంచే. "గిన్ని దినాలు నేనేసిందంత విప్పిచ్చిండు గదా, గదే ఉంచుమను. రేపే గొర్లను తోల్కొచ్చి గోదాం ముంగట కడ్త. ఒక కన్ను గాడ, ఒక కన్ను గీడ. వంకర దానంతటదే వస్తది నోడప్పా."

డాక్టరుగారు మొదటిసారి నవ్వారు. "ఈమె బర్బర్," అన్నారు. "ఈమెతో నేయించుండ్రి."

నేను ఉద్యోగ జీవితంలో పై అధికారికి ఎదురు మాట్లాడిన సందర్భాలు బహు తక్కువ. వాటిలో ఇదొకటి. "సార్, బయటివాళ్ళు ఇంకొకటి కావాలని అడిగితే కేంద్రం ఉంటుందన్నారు. అడిగారు."

"అడిగింది ఇలాంటిది కాదుగదండీ. వంకరది."

"ఈ రెండూ ఆవిడకు నచ్చాయి. వంకరది ఆయన అడిగారు. ఇంట్లో ఇద్దరూ గిరాకీలే."

ఆయన నన్ను, తివాచీలను, వాటి మీదినుంచి దిగడానికి ఇష్టపడని ఆవిడను మార్చి మార్చి చూశాడు. "ఇందాకటి చాయ్ ఉందా?" అన్నాడు. చాయ్ వచ్చింది. సగం తాగి, "మగ్గాలు ఉండనివ్వండి," అన్నాడు.

"మరి ఉస్తాద్, సార్?"

"ఉస్తాద్ లేకుండా మగ్గాలెందుకండీ?"

సాయంత్రం బండికి వాళ్ళందరినీ ఎక్కించి వచ్చి డైరీ తెరిచాను. పొద్దుటి నుంచి బిగబట్టుకున్న నవ్వంతా అప్పుడు వచ్చింది. భుజాలు అదురుతుంటే కలం కుడికి పోయింది. ఆ పేజీని తిరగరాయాలని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఉస్తాద్ చేసినదే నేనూ చేసినట్టవుతుందని వదిలేశాను.

మర్నాడు ఉదయం నేను వెళ్ళేసరికి గోదాము ముందు గుంజకు రెండు గొర్రెలు కట్టి ఉన్నాయి. అవ్వ వాటికి తుమ్మకాయలు వేస్తోంది. లోపల ఇనుప పెట్టె బార్లా తెరిచి ఉంది. దాని తాడును ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టి, ఉస్తాద్ తన బట్టలన్నీ ఆరేశాడు. లుంగీలు, అంగీలు, తువ్వాళ్ళు, పొడుగును బట్టి వరసగా ఉన్నాయి. ఇంటికి ఖబర్ పంపావా అని అడిగాను. పొద్దుగాల బండికే పంపిన సాబ్ అన్నాడు.

ఖాళీ మగ్గం ముందు దారం పట్టుకుని నిలబడి ఉన్నాడు. రాత్రి నిద్ర పోయినట్టు లేడు. నన్ను పక్కకు పిలిచి, అవ్వకు వినపడకుండా గొంతు తగ్గించాడు.

"సాబ్, నేసేది అవ్వనే గానీ పోగు కట్టేది నేను గదా. ఒక్క మాట చెప్పుండ్రి. వంకర ఎంతుండాలె? వేలెడా, వేలున్నరా? మీరెంతంటే గంత, బరాబర్ పెడ్త."